డిమెన్షియాకు ఆయుర్వేదం: బ్రాహ్మి కంటే ముందు చేయాల్సినవి, బ్రాహ్మితో అయ్యేవి, కానివి

ఇంట్లో పెద్దాయన అడిగిందే పదిసార్లు అడగడం మొదలుపెట్టాక తిరుపతిలో చాలా కుటుంబాలు రెండుగా చీలిపోతాయి. స్విమ్స్ న్యూరాలజీ ఓపీకి తీసుకుపోదామని ఒకరంటారు. టీటీడీ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపిద్దామని ఇంకొకరంటారు. ఈ వాదన తేలేలోపు మూడో మనిషి ఫోన్‌లో చూసి ఏదో జ్ఞాపకశక్తి చూర్ణం తెప్పించేస్తాడు. మొదటి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. మూడోదాంతోనే చిక్కు. ఇంగ్లిషు వైద్యమా, ఆయుర్వేదమా అని తేల్చుకోవడం కన్నా ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవడం ముఖ్యం. ఆ వరస తప్పితే మంచి మందు కూడా అక్కరకు రాదు.

దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా తగ్గి రోజువారీ పనులకు అడ్డం వచ్చే స్థితి) ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం లెక్కగట్టింది. అయితే మతిమరుపుతో వచ్చిన ప్రతివాళ్లకీ ఉన్నది డిమెన్షియా కాదు. పూర్తిగా తగ్గిపోయే మతిమరుపులు కూడా ఉన్నాయి. వాటిని ముందుగా వేరు చేయాలి.

మొదట కారణం తేలాలి

విటమిన్ బీ12 లోపం దీనికి మంచి ఉదాహరణ. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో ఇది మామూలే. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో, గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున మింగేవాళ్లలో ఇంకా ఎక్కువ. మన దగ్గర అరవై దాటినవాళ్లు చాలామంది ఈ రెండు మాత్రలూ కలిపే వేసుకుంటుంటారు. బీ12 తగ్గితే మతిమరుపు, కాళ్లు మొద్దుబారడం, నడకలో తూలడం, చిరాకు కనిపిస్తాయి. తొలి దశలోనే ఇంజెక్షన్లు మొదలుపెడితే మనిషి తేరుకుంటాడు. ఆర్నెల్లు చూర్ణంతో గడిపి వస్తే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు.

థైరాయిడ్ మందగించినా, రక్తంలో సోడియం పడిపోయినా, లోపల దిగులు పేరుకుపోయినా పైకి కనబడేది మతిమరుపే. బాత్రూములో జారిపడి తలకు చిన్న దెబ్బ తగులుతుంది, ఆరోజు ఏమీ ఉండదు, మూడు నాలుగు వారాలకు మనిషి మందకొడిగా తయారవుతాడు. పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం నెమ్మదిగా చేరడం వల్ల ఇలా అవుతుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. సీటీ స్కాన్‌లో తెలిసిపోతుంది, ఆపరేషన్‌తో తీసేయవచ్చు. పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడవడం, మూత్రం ఆగకపోవడం, మతిమరుపు ఈ మూడూ కలిసి వస్తే మెదడులో నీరు చేరిందేమో చూడాలి. దానికీ శస్త్రచికిత్స ఉంది.

ఇక మందుల పెట్టె. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, దురదకు వాడే ఎవిల్, నిద్రకు అల్‌ప్రజోలామ్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ అన్నీ ముసలివాళ్ల మెదడును మందగింపజేసేవే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చీటీలు మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, చూర్ణాలూ లేహ్యాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ సంచిలోంచి రెండు మాత్రలు తీసేయడమే వైద్యం అయిన సందర్భాలు తక్కువేమీ కావు.

మార్పు ఎంత త్వరగా వచ్చిందన్నది అన్నిటికన్నా ముఖ్యం. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అది నెలలూ ఏళ్లూ తీసుకుని వస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న అవ్వ ఈరోజు మనుషుల్ని గుర్తుపట్టకుండా, లేనివి ఉన్నట్టు మాట్లాడుతుంటే అది డెలిరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం, ఒక్కోసారి నాలుగు రోజుల మలబద్ధకం కూడా దీనికి కారణమవుతాయి. మే నెల ఎండల్లో నీళ్లు సరిగా తాగని వృద్ధులకు ఇది తేలిగ్గా వస్తుంది. అప్పుడు కషాయం కాచుకుంటూ కూర్చోకూడదు, అదే రోజు ఆసుపత్రికి చేర్చాలి.

కాబట్టి తొలి విడతలో కావాల్సినవి ఇవి: రక్తకణాల లెక్క, బీ12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, సోడియం-పొటాషియం, షుగర్, కిడ్నీలకు క్రియాటినిన్, లివర్ పరీక్ష, తలకు సీటీ గానీ ఎమ్మారై గానీ, చెవి, కంటి పరీక్ష. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆసుపత్రుల్లో ఇవి అవుతాయి. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది దగ్గరని వేలూరు సీఎంసీకి వెళతారు. ఎక్కడైనా ఫరవాలేదు. ఈ కాగితాలు చేతిలో ఉంటే ఆయుర్వేద వైద్యుడికి కూడా పని సులువవుతుంది. పక్షవాతాల తర్వాత మెట్లు దిగినట్టు తగ్గే వ్యాస్క్యులర్ రకం అని తేలితే బీపీ, షుగర్ అదుపులో ఉంచడమే అసలు చికిత్స, ఏ మూలికా దానికి బదులు కాదు.

ఆయుర్వేద శాస్త్రం ఏం చెప్పింది

ఇప్పుడు మనం డిమెన్షియా అంటున్నదానికి అచ్చంగా సరిపోయే ఒకే వ్యాధి పేరు పాత గ్రంథాల్లో లేదు. ధీ, ధృతి, స్మృతి అనే మూడు శక్తులు చెదరడం గురించి, స్మృతిభ్రంశం గురించి చరక సంహిత మాట్లాడుతుంది. ముసలితనాన్ని సహజంగా వచ్చేదిగా చూస్తుంది. బుద్ధికి మేలు చేసే మేధ్య రసాయనాలు నాలుగింటిని చరకుడు చెప్పాడు: మండూకపర్ణి స్వరసం (పచ్చి రసం), పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ స్వరసం, శంఖపుష్పి కల్కం (నూరిన ముద్ద). నాలుగింటిలో శంఖపుష్పి విశేషమన్నాడు.

రసాయనం, అంటే ఒంటికి బలమిచ్చే ఆయుర్వేద మందు, ఎప్పుడు వాడాలో కూడా శాస్త్రం స్పష్టంగానే చెప్పింది. తొలి వయసులో గానీ నడి వయసులో గానీ, అదీ దేహశుద్ధి అయ్యాక వాడాలని సుశ్రుతుడి మాట. అమ్మకందార్లు ఎగరగొట్టేసే సంగతి ఇదే. ముదిరిన జబ్బును వెనక్కి తిప్పే మందుగా రసాయనాన్ని శాస్త్రం చెప్పలేదు. చిత్రంగా నేటి పరీక్షల ఫలితాలూ దాదాపు అక్కడికే వచ్చి చేరాయి.

బ్రాహ్మి సంగతే చూడండి. ఆస్ట్రేలియాలో 55 దాటిన ఆరోగ్యవంతుల మీద జరిగి 2010లో వెలువడిన పరీక్షలో రోజుకు 300 మిల్లీగ్రాముల బ్రాహ్మి సారం 12 వారాలు వాడినవాళ్లు, విన్న మాటల్ని కాసేపాగి గుర్తుచేసుకోవడంలో కొంత మెరుగుపడ్డారు. వాళ్లకు కడుపులో తిప్పడం, పొత్తికడుపు నొప్పి, విరేచనాలు ఎక్కువ కావడం కూడా కనిపించాయి. ఇదే రకం పరీక్షలు మరికొన్ని ఉన్నాయి. అల్జీమర్స్ ఖాయమైనవాళ్ల మీద జరిగినవి మాత్రం కొద్ది, చిన్నవి. జబ్బును ఆపుతుందని గానీ నయం చేస్తుందని గానీ చెప్పే ఆధారం వాటిలో లేదు. నిజానికి అల్జీమర్స్‌ను నయం చేసే మందు అల్లోపతిలో కూడా లేదు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ లక్షణాలను కొంతకాలం కాస్త నిలబెడతాయి, అంతే. మూడు నెలల్లో నయం చేస్తామని ఏ బోర్డు మీద కనిపించినా అక్కడినుంచి వచ్చేయండి. మెదడు జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది.

ఆకు ఏదో తెలిసి వాడండి

ఇక్కడ జరిగే పొరపాటు చిన్నదేమీ కాదు. మన దగ్గర సరస్వతి ఆకు అనేది, సరిహద్దు దాటితే తమిళులు వల్లారై అనేది మండూకపర్ణి. నేలమీద పాకుతుంది. ఆకు గుండ్రంగా మూత్రపిండం ఆకారంలో, అంచుల్లో సన్నని నొక్కులతో, పొడుగాటి కాడ చివర ఒక్కటే ఉంటుంది. పరీక్షల్లో వాడిన బ్రాహ్మి వేరు, అది నీటి బ్రాహ్మి. చెమ్మ నేలల్లో పెరుగుతుంది, ఆకులు చిన్నవి, దళసరివి, కాడకు ఎదురెదురుగా వస్తాయి, పువ్వు తెలుపు గానీ లేత ఊదా గానీ, నమిలితే చేదు. ఉత్తరాదిలో చాలాచోట్ల మండూకపర్ణినే బ్రాహ్మి అని అమ్ముతారు. బ్రాహ్మిలో అసలు పనిచేసేవని భావించే బాకోసైడ్లు ఉండేది నీటి బ్రాహ్మిలోనే. అందుకని డబ్బా మీద వాడుక పేరు కాకుండా శాస్త్రీయ నామం చూడండి: బాకోపా మొన్నియెరి అని ఉంటే నీటి బ్రాహ్మి, సెంటెల్లా ఏసియాటికా అని ఉంటే సరస్వతి ఆకు.

నీటి బ్రాహ్మికి ఇంకో గుణం ఉంది. అది పెరిగే నీళ్లలోని కాడ్మియం లాంటి లోహాలను పీల్చి తనలో దాచుకుంటుంది. మురుగు కలిసే కాలువ గట్టునో, చెరువు తూము దగ్గరో కోసుకొచ్చి రసం తీయకండి. కుండీలో మంచి నీళ్లతో పెంచుకోవడం సులువే.

మోతాదుల విషయానికొస్తే, ఆయుర్వేద మందుల ప్రభుత్వ ప్రమాణ గ్రంథమైన ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం నీటి బ్రాహ్మి చూర్ణం రోజుకు 1 నుంచి 3 గ్రాములు, మండూకపర్ణి 3 నుంచి 6, శంఖపుష్పి 3 నుంచి 6 గ్రాములు. చూర్ణం, సారం ఒకటి కావు. సారం మూలికలోంచి తీసి గాఢం చేసింది. 300 మిల్లీగ్రాముల సారం గురించి చదివి 300 మిల్లీగ్రాముల పొడి ఉన్న క్యాప్సూల్ కొంటే దానికీ ఆ పరీక్షకూ సంబంధమే లేదు. బ్రాహ్మి తిన్న తర్వాత ఇస్తే కడుపు తక్కువ ఇబ్బంది పెడుతుంది. సరస్వతి ఆకును పల్లీలు వేసి పచ్చడి నూరుకోవడం మందు కాదు, తిండి. వారానికి ఒకటి రెండుసార్లు తింటే వచ్చే చిక్కేమీ లేదు.

రసౌషధాలు, సీసాల్లోవి

మూలికలను, రసౌషధాలను ఒకే గాటన కట్టకూడదు. పేరు చివర ‘రసం’, ‘భస్మం’, ‘సింధూరం’ అని ఉంటే లోహాలు, ఖనిజాలు ఉన్నట్టు. మతిమరుపుకు పేరున్న స్మృతిసాగర రసంలో పాదరసం, గంధకం, హరితాళం, మణిశిల, తామ్ర భస్మం ఉంటాయి. హరితాళం, మణిశిల రెండూ ఆర్సెనిక్ ఖనిజాలే. వీటిలో విషపదార్థాల షెడ్యూల్ ఈ1లో ఉన్నవి కలిస్తే, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండి తీరాలి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను అమెరికాలో పరీక్షించి 2008లో ప్రచురించిన ఫలితాల్లో ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. రసౌషధాల్లో అయితే దాదాపు 40 శాతంలో. సీసం, పాదరసం మెదడునే దెబ్బతీస్తాయి. కిడ్నీలు అప్పటికే బలహీనపడిన డెబ్భై ఏళ్ల మనిషికి మతి కోసం ఇవి ఇవ్వడం మాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. కాగితం పొట్లంలో, లేబుల్ లేకుండా ఇచ్చే పొడి కూడా వద్దు. లైసెన్సు నంబరు, బ్యాచి, గడువు తేదీ లేనిది మందు కింద లెక్క కాదు.

సారస్వతారిష్టం లాంటి అరిష్టాల్లో పులియడం వల్ల పుట్టే ఆల్కహాల్ ఉంటుంది, బెల్లమో చక్కెరో ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు, నిద్రమాత్ర వేసుకునేవాళ్లు, తూలి పడే అలవాటున్నవాళ్లు దీనిగురించి వైద్యుడికి ముందే చెప్పాలి.

ఉన్న మాత్రలతో పడేవి, పడనివి

డోనెపెజిల్ సాధారణంగా రాత్రి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత 10కి పెంచుతారు. మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది. ప్రయోగశాలలో బ్రాహ్మికీ కొంత ఇదే గుణం కనిపించింది. రెండూ కలిస్తే వాంతి, విరేచనాలు, నాడి నెమ్మదించడం పెరగవచ్చు. ఇప్పటికే గుండెకు బీటా బ్లాకర్ వాడుతుంటే మరీ జాగ్రత్త. వారానికి రెండుసార్లు నాడి చూసి రాసుకోండి. నిమిషానికి 50 కన్నా తగ్గినా, కళ్లు తిరిగి పడినా డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

పాలల్లో అతిమధురం అంటే అమాయకంగా అనిపిస్తుంది. అది బీపీని పెంచుతుంది, పొటాషియాన్ని దించుతుంది. బీపీకి నీటి మాత్ర వాడేవాళ్లకు, గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లకు రోజువారీగా తగదు. అశ్వగంధ, అంటే పెన్నేరు గడ్డ, నిద్రకు కొంత పనికొస్తుంది. కానీ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, అరుదుగా లివర్‌ను దెబ్బతీస్తుంది. తిప్పతీగతో కూడా లివర్ దెబ్బతిన్న కేసులు కరోనా రోజుల్లో మన దేశంలోనే నమోదయ్యాయి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు తిరగడం కనిపిస్తే మూలికలన్నీ ఆపి లివర్ పరీక్ష చేయించండి. గింకో ఆయుర్వేద మూలిక కాకపోయినా మందుల షాపుల్లో ‘హెర్బల్’ అని ఇస్తుంటారు. మూడు వేలకు పైగా వృద్ధుల మీద జరిగిన అమెరికా పరీక్ష 2008లోనే అది డిమెన్షియాను ఆపదని తేల్చింది. రక్తం పలచబడే మాత్రలతో కలిస్తే రక్తస్రావం భయం కూడా ఉంది.

శిరోధార, నస్యం, అభ్యంగనం

మూడింట్లోనూ ఇంటి మనుషులు నిశ్చింతగా చేయగలిగింది అభ్యంగనం, అంటే నూనె మర్దన. గోరువెచ్చని నువ్వుల నూనె 50 మిల్లీలీటర్లు చాలు. పాదాలు, పిక్కలు, చేతులు, వీపు, చివరికి తల, ఇరవై నిమిషాలు నెమ్మదిగా మర్దన చేయాలి. జబ్బు తగ్గదు, మనిషి నెమ్మదిస్తాడు. పొద్దు వాలే వేళకు చాలామందికి గాభరా, కోపం, ఇంటికి పోతానని లేవడం మొదలవుతాయి. నాలుగున్నర ప్రాంతంలో మర్దన, ఆ వెంటనే వేడినీళ్ల స్నానం చేయిస్తే ఆ గడ్డు గంట తేలిగ్గా దాటుతుంది. అరికాళ్లకు పట్టించిన నూనె పూర్తిగా తుడిచాకే లేపాలి. నూనె కాళ్లతో బాత్రూములో జారి తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్లీ మునుపటిలా లేవడం కష్టం. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ, కింద రబ్బరు చాప పెట్టాకే మర్దన మొదలుపెట్టండి.

శిరోధారకు ముప్పావు గంట దాకా వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. తొలి దశలో ఉండి నిద్ర పట్టనివాళ్లకు హాయిగా ఉంటుంది. ఏం జరుగుతోందో అర్థం కాని దశలో నుదుటిమీద నూనె ధార పడితే భయపడి లేస్తారు, నూనె కళ్లలోకి పోతుంది. బలవంతంగా పట్టుకుని చేయించే శిరోధార చికిత్స కాదు.

నస్యం విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. ముక్కులో వేసిన నూనె గొంతులోకి వచ్చాక ఉమ్మేయాలి. ఉమ్మమంటే అర్థం కానివాళ్లకు, మింగేటప్పుడు పొలమారేవాళ్లకు ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. వాళ్లకు నస్యం వద్దు. మందిచ్చి వాంతి చేయించే వమనం, విరేచనాలు చేయించే విరేచనం కూడా అంతే. ఒంట్లో నీరు, లవణాలు పోయి డెలిరియంలోకి జారిపోతారు.

తిండి, రోజు గడిచే తీరు

ఆయుర్వేదంలో అన్నిటికన్నా గట్టి భాగం దినచర్య అని మా అభిప్రాయం. ఒకే వేళకు లేవడం, ఒకే వేళకు తిండి, పొద్దుటి ఎండలో నడక, మధ్యాహ్నం నిద్ర అరగంట దాటకపోవడం, సాయంత్రం కాఫీ మానడం, చీకటి పడకముందే దీపాలు వేయడం. కొత్తవి గుర్తుండని మనిషికి వేళలు మారని రోజు పెద్ద ఆసరా. చిన్నప్పుడు నేర్చిన అన్నమయ్య కీర్తనలు, పొలంపాటలు చాలా ఆలస్యంగా గానీ పోవు. మాట తడబడే మనిషి కూడా పల్లవి అందుకుంటాడు. స్నానానికి మొరాయించేటప్పుడు పాట ఎత్తుకుని చూడండి.

మన వైపు రాగి సంగటిని నమలకుండా, ముద్దను కూరలో అద్ది మింగేస్తారు. డిమెన్షియా ముదిరాక ఇదే గొంతుకు అడ్డం పడుతుంది. సంగటిని జారుగా చేసి చెంచాతో ఇవ్వండి. ఊరిబిండి పచ్చడి అతుక్కుపోకుండా కాస్త పలచన చేయండి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచమని, ఒక చెంచా మింగాకే రెండోది. తాగాక గొంతు గరగరలాడినా, దగ్గొచ్చినా మింగడం కష్టమవుతోందన్నమాట. నీళ్లలా పలచగా ఉన్నవే మొదట ఇబ్బంది పెడతాయి. కషాయాలు, స్వరసాలు వాటిలో ముందుంటాయి. ఆ దశ వచ్చాక నోటి మందులన్నీ ఏ రూపంలో ఇవ్వాలో వైద్యుడితో కొత్తగా మాట్లాడుకోవాలి.

వినికిడి యంత్రం ఏ చూర్ణం కన్నా ఎక్కువ పని చేయవచ్చు. మతి తగ్గే ముప్పు ఎక్కువున్న వృద్ధుల్లో వినికిడి యంత్రాలు మూడేళ్లలో ఆ తరుగుదలను 48 శాతం నెమ్మదింపజేశాయని 2023 నాటి అమెరికా పరీక్షలో తేలింది. ముప్పు తక్కువున్నవాళ్లలో తేడా రాలేదు. బీపీ, షుగర్, చెడ్డ కొలెస్ట్రాల్, పొగ, ఒంటరితనం లాంటి 14 కారణాలను సరిదిద్దగలిగితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో చేయవచ్చని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా. చిత్తూరు జిల్లాకు ఇంకో అనుకూలం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురానివాళ్లలోనూ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడే అలవాటు పెద్దవాళ్లకు ఉంటే దాన్ని పోనివ్వకండి.

మొక్కు తీర్చుకోవడానికి కొండకు తీసుకుపోయేవాళ్లు రద్దీ రోజులు, గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చునే క్యూలు తప్పించుకోవాలి. జేబులో పేరు, జబ్బు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కార్డు పెట్టండి, పొద్దున వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. తప్పిపోతే పోలీసులు మొదట అడిగేది అదే.

మూలిక ఇచ్చి చూడాలనుకుంటే

కారణం తేలింది, తొలి దశ, లివర్, కిడ్నీ బాగున్నాయి, న్యూరాలజిస్టుకూ ఆయుర్వేద వైద్యుడికీ ఒకరి మందు ఇంకొకరికి తెలుసు. అప్పుడు ఒక్క మూలికతో మొదలుపెట్టండి. మూడు కలిపి మొదలుపెడితే ఏది మేలు చేసింది, ఏది కడుపు పాడుచేసిందో తెలియదు. మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకంలో నాలుగు విషయాలు రాయండి: తనంతట తాను స్నానం చేస్తున్నాడా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడు, వారంలో ఎన్నిసార్లు దారి తప్పాడు, చిల్లర లెక్కపెట్టగలుగుతున్నాడా. వారానికోసారి అవే నాలుగూ రాయండి. 12 వారాలు చాలు. తేడా లేకపోతే ఆపేయండి, డబ్బూ ఓపికా మిగులుతాయి. తేడా ఉందనిపిస్తే లివర్ పరీక్ష మళ్లీ చేయించి కొనసాగించండి. ఏ ఆపరేషన్‌కైనా రెండు వారాల ముందు మూలికలు ఆపి, మత్తు డాక్టరుకు చెప్పండి. డోనెపెజిల్‌ను మాత్రం సొంతంగా ఒక్కరోజులో ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే కొందరు వారాల్లోనే బాగా దిగజారతారు.

చూసుకునే మనిషికి నిద్ర లేకపోతే ఇవేవీ సాగవు. వారంలో ఒక పూటైనా ఇంకొకరు ఆ బాధ్యత తీసుకునేలా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. వృద్ధుల సాయానికి 14567, మనసు భారమైనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు.